శాలువా గారికి ఓ 'యువ' లెక్చరర్ అర్జీ

శాలువా గారూ, నమస్కారం.

మొన్న సెప్టెంబరు 5న మా యూనివర్సిటీ ఆడిటోరియంలో మిమ్మల్ని బాగా దగ్గర్నుంచి చూశాను. మెరూన్ రంగు, జరీ అంచు, ప్లాస్టిక్ కవరు తీసీ తీయకముందే ఫొటోగ్రాఫర్ 'సార్, ఇటు చూడండి' అన్నాడు, మీరు ఓ ప్రొఫెసర్ గారి భుజాల మీద పదిహేను సెకన్లు ఉన్నారు, అంతే, మడతపడి కుర్చీ చేతి మీదకి వెళ్లిపోయారు. నేను స్టేజీ పక్కన శాలువాలూ మెమెంటోలూ అందించే డ్యూటీలో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్లకి ఎప్పుడూ ఆ డ్యూటీయే. అరనిమిషం పాటు మీరు నా చేతుల్లోనే ఉన్నారు కాబట్టి ఆ చనువుతో ఈ ఉత్తరం.

కొత్తగా అంటే నాకు ముప్పై తొమ్మిది. నవ్వకండి. పీహెచ్‌డీ అయి, పోస్ట్‌డాక్ అయి, నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చుని, అది వచ్చి, కోర్టుకెళ్లి, అక్కడ తేలి, ఆర్డరు చేతికొచ్చేసరికి చెవుల పక్కన నెరుస్తుంది. ఇప్పటికి నాలుగేళ్ల సర్వీసు. ఈ ఏడు 'ఉత్తమ యువ అధ్యాపక పురస్కారం' అని సర్క్యులర్ వస్తే మా హెచ్‌వోడీ గారు 'పెట్టవయ్యా, పోయేదేముంది' అన్నారని పెట్టాను. వయసు 45 లోపు ఉండాలట, ఇదే యూనివర్సిటీలో కనీసం పదేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలట. ఈ రెండూ ఒకే ఒంట్లో ఉన్న మనిషి కోసం క్యాంపస్ అంతా గాలించారు, దొరకలేదు, చివరికి ప్రత్యేక సందర్భంగా భావించి వయసు నిబంధన సడలించారు. యువ అన్న మాట మాత్రం ఫ్లెక్సీ మీద అలాగే ఉంచేశారు. మీరు ఆ రోజు కప్పుకున్నవి ఆ యువ భుజాలే. వచ్చే జూన్‌లో ఆయన రిటైర్మెంటు.

ఈ లెక్కన ఢిల్లీ వాళ్లే నయం. కేంద్రం ఇచ్చే జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల్లో 2023లో కాలేజీ, యూనివర్సిటీ వాళ్లని కూడా కలిపారు, దానికి ఐదేళ్ల బోధన చాలు, వయసు 55 దాటకూడదు, వీసీలూ ప్రిన్సిపాళ్లూ అప్లై చేసుకోవడానికి వీల్లేదు. ఈ చివరి నిబంధన మా దగ్గర పెడితే ఆడిటోరియంలో ముందు వరస ఖాళీ అయిపోతుంది. కానీ అక్కడా రెగ్యులర్ వాళ్లకే.

ఇక అప్లికేషన్ సంగతి. పద్నాలుగు పేజీలు. పరిశోధన పత్రాలెన్ని, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత, పేటెంట్లున్నాయా, కన్సల్టెన్సీ మీద ఎంత తెచ్చావు, ఎన్ని సెమినార్లు, వాటిలో విదేశాల్లో ఎన్ని. పదకొండో పేజీలో 'బోధన' అని ఒక డబ్బా ఉంది, వంద పదాలు మించకూడదని బ్రాకెట్లో రాశారు. మా తప్పు కూడా కాదులెండి, పైనుంచి వచ్చిన వరసే అది. 2018 యూజీసీ నిబంధనల్లో ప్రమోషన్‌కి సైన్సు వాళ్లకి ఒక్కో పేపరుకి 8 పాయింట్లు, పాఠానికి మాత్రం పాయింట్లు లేవు, శాతం ఉంది: నీకిచ్చిన క్లాసుల్లో 80 శాతం తీసుకుంటే 'గుడ్'. క్లాసుకెళ్లి పిల్లల్ని జోకొట్టి నిద్రపుచ్చినా గుడ్డే, ఎందుకంటే లోపల ఏం జరిగిందని ఎవరూ అడగరు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కి 14 అని కూడా అందులోనే ఉంది. ఆ తేడా రెండే అనుకుంటే మీరు మా టైంటేబుల్ చూడలేదన్నమాట.

ఆ వంద పదాల్లో నేను గొడుగు గురించి రాశాను.

నేను చెప్పేది ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఎస్ఎన్2 అని ఒక చర్య ఉంటుంది, వచ్చే గ్రూపు కార్బన్ మీదికి వెనకనుంచి వస్తుంది, దాంతో మిగిలిన మూడు బంధాలూ గాలివానలో గొడుగు తిరగబడినట్టు అటువైపు తిరిగిపోతాయి. మూడుసార్లు చెప్పాను, బోర్డు మీద గీశాను, స్లైడు వేశాను, అందరూ తలలూపారు, ఎవరికీ ఎక్కలేదు (తలూపడం చూస్తే తెలిసిపోతుంది). ఆ రోజు వాన, ఒక పిల్లాడు తడిసి వచ్చాడు, చేతిలో చువ్వ విరిగిన గొడుగు. అది తీసుకుని కాడ పట్టుకుని ఒక్క ఊపు ఊపాను, ఫట్టుమని తిరగబడింది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, మూడు నెలలుగా నోరు విప్పని ఓ అమ్మాయి చివరి బెంచీలోంచి 'సార్, మరి సగం ఇటు, సగం అటు వస్తే గొడుగు తిరగలేదనేగా?' అంది. తరువాతి పాఠం అదే, కొత్త గ్రూపు రెండు వైపుల నుంచీ వచ్చే చర్య. ఆ అమ్మాయి నాకంటే ముందు అక్కడికి వెళ్లిపోయింది.

సెక్షన్ గుమాస్తా గారు నా ఫారం చూసి, 'సార్, ఈ గొడుగు ఐసీటీ (కంప్యూటరు, ప్రొజెక్టరు లాంటివి) కింద వేయాలా, ల్యాబ్ పరికరం కింద వేయాలా?' అన్నారు. ఆధారం కావాలట. జియోట్యాగ్ ఫొటో ఉందా అన్నారు. ఆ అమ్మాయి ప్రశ్న అడిగినప్పుడు నేను ఫోన్ తీసి అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో తీసుకోవాల్సింది, బుద్ధిలేక జవాబు చెప్పే పనిలో పడ్డాను. పోనీ స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ ఉంది కదా అన్నాను. అది అందరికీ ఒకటేనన్నారు. నిజమే, క్లాసు ప్రతినిధి, అంటే సీఆర్ కుర్రాడు గూగుల్ ఫారంలో లెక్చరర్లందరికీ 'ఎక్సలెంట్' కొట్టేసి, ఖాళీ పోస్టుకి కూడా ఎక్సలెంట్ ఇచ్చాడు.

నేను క్లాసులో మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. చర్య ఎలా జరుగుతుందో గీసేటప్పుడు బాణం గుర్తు ఎలక్ట్రాన్లు ఉన్నచోటి నుంచి మొదలై, లేనిచోటికి వెళ్లాలి. పిల్లలు దీన్నే తిరగేసి గీసి మార్కులు పోగొట్టుకుంటారు. మీ ప్రయాణం మాత్రం ఏ బాణానికీ లొంగదు శాలువా గారూ, మీరు ఉన్నచోటి నుంచి ఉన్నచోటికే వెళతారు. మా గురువుగారి బీరువాలో మీవాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. అమ్మగారు కవర్లు మార్చి మళ్లీ సన్మానాలకే పంపిస్తారు. కిందటేడు అలా పంపిన ఒకటి నెల తిరక్కుండా మా గురువుగారి మెడలోకే వచ్చింది, అంచు మీద కాఫీ మరక చూసి అమ్మగారు గుర్తుపట్టారు.

నా పక్కగదిలో ఒక మేడం ఉన్నారు. కాంట్రాక్టు, పద్నాలుగేళ్లుగా. నాకు పాఠం చెప్పడం వచ్చిందంటే మొదటి సెమిస్టర్‌లో ఆవిడ క్లాసు కిటికీ పక్కన నిలబడి విన్నందువల్లే. నా క్లాసులో పిల్లలు నా నోట్సు కింద ఆవిడ నోట్సు పెట్టుకుని చదువుతారు, నాకు తెలియదనుకుంటారు. ఆవిడకి ఏ ఫారమూ లేదు. పద్నాలుగేళ్ల కింద యువ కాదన్నారో లేదో గానీ రెగ్యులర్ కాదన్నారు, ఇప్పుడు రెగ్యులరూ కాదు, యువా కాదు. సన్మానం రోజు ఆవిడ డ్యూటీ పూలదండలు.

ఎవరి పుట్టినరోజని 1962 నుంచి ఈ పండగ చేస్తున్నామో ఆ రాధాకృష్ణన్ గారు 1931లో ఆంధ్రా యూనివర్సిటీకి వీసీ అయ్యారు, ఆ సంగతి మా వాళ్లు ఏటా ఉపన్యాసంలో చెబుతారు. చెప్పనిది అంతకు పదేళ్ల ముందుది. 1921లో ఆయన మైసూరు మహారాజా కాలేజీ వదిలి కలకత్తా వెళుతుంటే, పూలతో అలంకరించిన బండిని పిల్లలే స్టేషన్ దాకా లాక్కెళ్లారు. ఆయనకి అప్పుడు ముప్పై రెండో ముప్పై మూడో. మైసూరులో సర్వీసు మూడేళ్లే. మా ఫారం లెక్కన అనర్హులు. అప్పుడు మీరక్కడ ఉన్నారో లేదో తెలియదు గానీ, ఉన్నా మీకు పనిపడి ఉండదు.

సరే, అర్జీ ఏమిటంటే, నా భుజం మీదికి రమ్మని కాదు. ఒకసారి క్లాసుకి రండి. మేడంగారిది సోమవారం తొమ్మిదింటికి, నాది పదింటికి. చివరి బెంచీ ఖాళీగానే ఉంటుంది. అక్కడ ఫ్యాన్ తిరగదు కాబట్టి ఎవరికీ చలి వేయదు, మిమ్మల్ని ఎవరూ కప్పుకోరు, నిశ్చింతగా కూర్చుని వినొచ్చు.

ఇట్లు,
మెమెంటోల డ్యూటీ