పండగ వెళ్లాక మా పండగ

పండగను పండగ రోజునే చేసుకోవడం తొందరపాటు చర్య అని మా కుటుంబం చాలాకాలంగా భావిస్తోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మమ్మల్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి. వాళ్లు పూర్తి ధరకు కొన్న సీరియల్ లైట్ల వెలుగులో నవ్వుతున్నారు. మేం సగం ధరకు కొన్న లైట్ల వెలుగులో, రెండు వారాలు ఆగి నవ్వుతాం. నవ్వూ అదే, వెలుగూ అదే. తేడా అంతా బిల్లులోనే.

పండగ ముందురోజు సాయంత్రం నాన్న అందరినీ హాల్లో కూర్చోబెడతారు. తుపాను హెచ్చరిక చదివినట్టు గొంతు సవరించుకుని, "రేపటిదాకా ఎవరూ బజారు వైపు వెళ్లొద్దు, ధరలు ప్రమాద స్థాయిని దాటి ప్రవహిస్తున్నాయి" అంటారు. పండగ రోజు మాకు మామూలు రోజు. ఇంకా చెప్పాలంటే మామూలు కంటే మామూలు రోజు. ఎవరైనా శుభాకాంక్షలు చెప్తే "మీక్కూడా అండీ" అని పుచ్చుకుంటాం, అందులో ఖర్చేం లేదు గనక. మర్నాడు పొద్దున షాపువాడు షట్టర్ పైకి లేపేసరికి, ఆ షట్టర్ కింద ముందుగా కనిపించేవి మా అమ్మ చెప్పులు.

దీన్ని కక్కుర్తి అనేవాళ్లకు వ్యాపారం తెలియదు. పండగ ముందురోజు దాకా రంగు కాగితపు నక్షత్రం సరుకు. మర్నాడు అది బరువు. తర్వాతి సీజను సరుకు దిగాల్సిన అలమారలో అది కూర్చుని ఉంటుంది. దాచుదామంటే గోడౌన్‌లో చోటు కావాలి, పెట్టిన డబ్బు ఏడాది పొడుగునా ఇరుక్కుపోతుంది, పైగా ఎలుకలున్నాయి. అందుకని షాపువాడు దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తాడు. అతని బరువు దించేవాళ్లం మేమే. మమ్మల్ని సమాజసేవకులుగా గుర్తించకపోయినా ఫరవాలేదు, కనీసం క్యూలో వెనక్కి నెట్టకుండా ఉంటే చాలు.

ఎప్పుడు కొనాలన్నదే అసలు విద్య. మరీ ముందు వెళ్తే తగ్గింపు నామమాత్రంగా ఉంటుంది, మరీ ఆలస్యంగా వెళ్తే నక్షత్రానికి నాలుగు కొమ్ములే మిగులుతాయి. ఈ విషయంలో మా అత్తయ్యది తుది నిర్ణయం. ఆవిడ బోర్డుల మీద రాసిన అంకెలు చూడదు, సేల్స్ కుర్రాడి మొహం చూస్తుంది. వాడు తర్వాతి సీజను అట్టపెట్టెలు మోసుకొచ్చి, పెట్టడానికి చోటు దొరక్క ఆ నక్షత్రాల వైపు విసుగ్గా ఒక చూపు చూస్తాడట. "ఆ చూపు పడిందంటే ఇక బేరం మనదే" అంటుంది.

ఫ్రాన్సులో దీనికి ఏకంగా చట్టమే ఉంది. అక్కడ ఏడాదికి రెండుసార్లు, శీతాకాలం ఒకటి వేసవి ఒకటి, తగ్గింపు అమ్మకాల తేదీలను ప్రభుత్వమే ప్రకటిస్తుంది. చలికాలపు అమ్మకాలు జనవరిలో ఒక బుధవారం ఉదయం 8 గంటలకు మొదలవుతాయి. 2020 నుంచి ఒక్కో విడత నాలుగు వారాలు. కొన్న ధరకంటే తక్కువకు అమ్మడం అక్కడ మామూలు రోజుల్లో కుదరదు, ఈ అమ్మకాల్లో మాత్రం మిగిలిపోయిన సరుకును నష్టానికైనా అమ్ముకోవచ్చు. ఈ సంగతి తెలిసిన రోజు నాన్న చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. తర్వాత, "నాగరికత అంటే అదిరా" అన్నారు.

ఆలస్యంగా పండగ చేసుకోవడం మేం కనిపెట్టిందేం కాదు, చరిత్ర మావైపే ఉంది. 1582లో పోపు 13వ గ్రెగరీ కేలెండర్ని సరిదిద్దినప్పుడు అక్టోబరు 4 తర్వాత నేరుగా 15 వచ్చింది. బ్రిటన్ ఆ మార్పును ఒప్పుకోవడానికి 1752 దాకా ఆగింది. (మంచి పని చేసింది. కొత్త వస్తువు రాగానే కొనకూడదు.) ఆ ఏడాది అక్కడ సెప్టెంబరు 2 రాత్రి పడుకున్నవాళ్లు 14న లేచారు. మధ్యలో 11 రోజులు మాయం. షెట్లాండ్ దీవుల్లోని ఫౌలా అనే చిన్న దీవి వాళ్లకు ఇది నచ్చలేదు. వాళ్లిప్పటికీ తమ క్రిస్మస్‌ను జనవరి 6న, కొత్త సంవత్సరాన్ని జనవరి 13న చేసుకుంటారు. వేల్స్‌లో గ్వాన్ లోయ వాళ్లకు కూడా జనవరి 13నే కొత్త సంవత్సరం. పాతకాలపు నిష్ఠ అని పండితులు అంటారు. డిసెంబరు 26 తర్వాత ధరలు ఏమవుతాయో తెలిసిన మా కుటుంబం మాత్రం ఆ నిష్ఠను మరో కోణంలో అర్థం చేసుకుంటోంది.

అదే బ్రిటన్‌లో పన్నుల శాఖ వాళ్లను చూడండి. లెక్కల సంవత్సరం మొదలయ్యే మార్చి 25ని వాళ్లు 11 రోజులు ముందుకు జరిపారు, తర్వాత ఇంకొక రోజు. అందుకే అక్కడ పన్నుల ఏడాది నేటికీ ఏప్రిల్ 6న మొదలవుతుంది. డబ్బు విషయం వచ్చేసరికి సర్కారే తేదీ మార్చుకుంటే లేని తప్పు మా ఇంటికొచ్చేసరికి ఎందుకొస్తుంది?

కేలెండర్ల ప్రస్తావన ఎలాగూ వచ్చింది కాబట్టి, మా అటక మీది సంపద గురించి ఒక మాట. కొత్త కేలెండరు జనవరిలో కొనకూడదు, ఫిబ్రవరిలో కొనాలి, అప్పటికి దాని పరువు సగం పోయి ఉంటుంది. అసలు కొనకపోతే ఇంకా మంచిది. 2026లో తేదీలూ వారాలూ 2015లో ఉన్నట్టే ఉన్నాయి, అదే గురువారం మొదలు. నాన్న 2015 కేలెండరు దింపి, దుమ్ము దులిపి, మేకుకి తగిలించారు. వాడాక మళ్లీ 2037కి పనికొస్తుంది. లీపు సంవత్సరానిదైతే 28 ఏళ్లు దాచాలి. మా ఇంట్లో 2024ది 2052 కోసం గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. వీలునామాలో కూడా రాస్తారనుకుంటాను.

పాత కేలెండర్లో వారాలు సరిపోతాయి గానీ పండగలు సరిపోవుగా అని మీరడగొచ్చు. దానికీ మందు ఉంది. సూర్యుడినీ చంద్రుడినీ కలిపి లెక్కగట్టే పండగలు 19 ఏళ్లకోసారి దాదాపు అవే తేదీల్లో వస్తాయి. కాబట్టి పక్కనే 2007 కేలెండరు కూడా వేలాడుతోంది. వారం దీంట్లో చూసుకోవాలి, పండగ దాంట్లో. ఒక రోజు అటూ ఇటూ అయినా మాకు ఇబ్బంది లేదు, ఎలాగూ ఆ రోజున ఏం చేసుకోం.

ఇక కాగితం. గిఫ్టు చుట్టే మెరుపు కాగితం విషయంలో మా ఇల్లు ఒక మ్యూజియం. మీ ఇళ్లలో పిల్లలు బహుమతిని పరపరా చింపి తెరుస్తారని విన్నాను. ఆ చప్పుడు మా పిల్లలు ఇంతవరకు వినలేదు. మా ఇంట్లో బహుమతి తెరవడం అంటే చిన్నపాటి ఆపరేషన్. ముందు టేబుల్ ఫ్యాన్ ఆపుతారు. పెట్టె బల్ల మీద పెడతారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, సన్నటి చాకు మొనని సెలోటేపు కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున లేపుతుంది. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. అంచు చిరగకుండా ఊడివచ్చిందా, అందరూ చప్పట్లు కొడతారు. లోపల ఏముందో అప్పటికి ఎవరికీ పెద్దగా ఆసక్తి ఉండదు. తర్వాత నాన్న దాని మీద తడిలేని గుడ్డ పరిచి, వేడి తగ్గించిన ఇస్త్రీపెట్టెతో మడతలు పోయేదాకా రుద్దుతారు. ఆయన చొక్కాలకు ఇస్త్రీ ఉండదు. కాగితానికి ఉంటుంది.

మా దగ్గర ఎర్ర చుక్కల కాగితం ఒకటుంది. దానికి నాకంటే ఎక్కువ వేడుకలు తెలుసు. మొదటిసారి అది ఒక స్వెట్టరు చుట్టూ వచ్చింది. టేపు అంటుకున్న అంచు ప్రతిసారీ కాస్త కత్తిరించాలి కదా, అలా తగ్గుతూ వచ్చింది. మరుసటి ఏడాది అందులో పట్టే బహుమతి టవలు. ఆ తర్వాత జేబురుమాలు, ఆ తర్వాత పెన్ను. ఈ మధ్య చెల్లికి అందులో ఒక రబ్బరు ఇచ్చాం. కాగితాన్ని బట్టి బహుమతి కొనాలి గానీ బహుమతిని బట్టి కాగితం కొనడం దుబారాకు తొలిమెట్టు అన్నది నాన్న సిద్ధాంతం. ఈ మెరుపు కాగితానికి పుట్టుకతోనే ఒక చరిత్ర ఉంది. 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ అన్నదమ్ముల షాపులో క్రిస్మస్ ముందు, బహుమతులు చుట్టే పల్చటి కాగితం అయిపోతే, కవర్ల లోపల అతికించడానికి తెప్పించిన ఫ్రెంచి రంగు కాగితాన్ని బల్ల మీద పెట్టి అమ్మేశారు. అది క్షణాల్లో ఖాళీ. ఇవాళ్టి మెరుపు కాగితం వ్యాపారం, గ్రీటింగ్ కార్డుల హాల్‌మార్క్ కంపెనీ వైభవం అలా ఊపందుకున్నవే. అంటే ఒక పనికి తెప్పించిన కాగితాన్ని ఇంకో పనికి వాడితే పుట్టిన సంప్రదాయం ఇది. దాన్ని నిజాయితీగా కొనసాగిస్తున్నది మేమొక్కళ్లమే.

లోటుపాట్లు లేవని అనను. బట్టల విషయంలో మా విధానం కొంచెం కుంటుపడింది. ఎదిగే పిల్లలు కదా అని సీజను అయ్యాక, వచ్చే ఏడాది సైజు కొంటాం. ఎంత ఎదుగుతారన్నది అంచనా. మా తమ్ముడికి అలా ఒక కోటు కొన్నాం. మొదటి ఏడాది చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి, దాచాం. రెండో ఏడాది తీసేసరికి భుజాల దగ్గర ఎక్కలేదు. ఆ కోటు వాడికి సరిగ్గా సరిపోయిన కాలం మధ్యలో ఎప్పుడో ఒక మంగళవారం సాయంత్రం వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. మేం చూసుకోలేదు.

లైట్ల సంగతీ అంతే. వారంటీ ఏడాది. కొన్న రోజు నుంచి లెక్క. ఏడాది పైచిలుకు అటక మీద గడిపి, మొదటిసారి ప్లగ్గులో పెట్టిన రోజుకి వాటి వారంటీ తీరి వారమయింది. వెలగలేదు. పెట్టె మీద బొమ్మ మాత్రం చక్కగా ఉంది, దాన్నే కిటికీలో పెట్టాం.

సెలవుల ప్రయాణం కూడా సీజను అయ్యాకే. అందరూ వెళ్లొచ్చిన సముద్రతీరానికి, అందరూ వెళ్లొచ్చాక వెళ్తాం. పోయినసారి వెళ్తే పడవలన్నీ ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నాయి. ఉయ్యాలకు గొలుసు కట్టి తాళం వేశారు. మ్యూజియం తలుపు మీద "మరమ్మతులు" అన్న బోర్డు. హోటల్లో మేం తప్ప ఎవరూ లేరు. మేం గదిలో లైటు వేస్తే రిసెప్షన్ కుర్రాడు ఉలిక్కిపడి, పైకొచ్చి తలుపు కొట్టి, "ఎవరండీ?" అని అడిగాడు. వానలో గొడుగులేసుకుని గట్టు మీద కూర్చుని సముద్రాన్ని చూశాం. "రద్దీ లేదు, చూశారా" అన్నారు నాన్న. నిజమే, లేదు. అమ్మ ఏమీ అనలేదు. చాలాసేపటికి, "వచ్చే ఏడాది నేను రాను" అంది. దాన్నీ నాన్న పొదుపు కిందే రాసుకున్నారు, ఒక టికెట్ తగ్గింది కదా అని.

ఇదంతా మేం సర్దుకుపోగలం. సర్దుకోలేనిది ఒక్కటే, కొత్త తరం వ్యాపారం. ఈ మధ్య తగ్గింపులు పండగ అయ్యాక కాకుండా పండగకు నెల ముందే పెడుతున్నారు. ఫోన్ తీస్తే చాలు, ఇంకా గంటే ఉంది, ఇంకా రెండే ఉన్నాయి అని టెన్షన్ పెడతారు. క్రమశిక్షణతో పండగ పోయేదాకా ఆగిన కుటుంబాల పరిస్థితి ఏమిటని ఎవరైనా ఆలోచించారా? ఆలస్యం అమృతం విషం అనే సామెతను మా ఇంటి గుమ్మం లోపలికి రానివ్వకుండా ఇన్నేళ్లు కాపాడుకొచ్చాం. ఇప్పుడది ఫోన్లోంచి దూరింది.

నాన్న లొంగలేదు. ముందే ఇంత తగ్గించారంటే తర్వాత ఇంకెంత తగ్గిస్తారో అని ఆగారు. పండగ వెళ్లింది. షాపులో అసలు సరుకే మిగల్లేదు. నెల తర్వాత ఏదో మూల నాలుగు కొమ్ముల నక్షత్రం ఒకటి దొరికింది, దానికి బల్బు దొరకలేదు. బల్బు తగ్గింపులోకి వచ్చేసరికి పిల్లల పరీక్షలు. పరీక్షలయ్యాక వేసవి, వేసవిలో అత్తయ్య ఊళ్లో లేదు, ఆవిడ లేకుండా బల్బు కొనే ధైర్యం ఎవరికీ లేదు. అలా ఒకదాని మీద ఒకటి పడి, మొన్న ఆదివారం సాయంత్రానికి గానీ నక్షత్రం గుమ్మానికి ఎక్కలేదు. స్విచ్ వేశారు. వెలిగింది. నాలుగు కొమ్ములూ వెలిగాయి.

ఎదురింటాయన వాకింగ్ నుంచి వస్తూ ఆగి పైకి చూశారు. "అబ్బో, అప్పుడే మొదలుపెట్టేశారే! పండక్కి ఇంకా నెల పైన ఉందిగా మాస్టారూ, ఈసారి అందరికంటే ముందు మీరే."

నాన్న నిచ్చెన దిగుతూ, చేతులు దులుపుకున్నారు.

"ఇది పోయినేడాదిదండీ. ఈ ఏడాదిది ఇంకా తేలలేదు."