చిత్రిక, రంపం, ఒక నగర భవనం

ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో వడ్రంగి చిత్రిక. న్యాయదేవత తక్కెడకు రెండు పక్కల నుంచీ దిగివచ్చిన రెండు తాళ్లను ఆమె ఒకటిగా పేని, పక్కనే బారులు తీరిన 24 మంది పౌరులకు అందిస్తోంది. ఆమె పేరు సామరస్యం. తాడు ఆ పౌరులను కట్టివేయలేదు, వాళ్లే దాన్ని చేత్తో పట్టుకున్నారు. తలలన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. చిత్రిక ఎవరి మీద పట్టారో అక్కడే తెలుస్తుంది.

ఇటలీలోని సియెనా నగరంలో, పలాజ్జో పుబ్లికో అనే నగర పాలనా భవనంలో, అంబ్రోజో లోరెంజెట్టి 1338, 1339 సంవత్సరాల్లో వేసిన కుడ్యచిత్రం ఇది. పాలకులు గోడల మీద వేయించే చిత్రాలు తరచుగా వాళ్లను ప్రజలకు గొప్పగా చూపించడానికే. ఈ చిత్రం ఉన్నది మాత్రం పాలకులే కూర్చునే గదిలో. దీన్ని రోజూ చూడాల్సింది ప్రజలు కాదు, వాళ్లే. ఆ భవనం గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

1287 నుంచి 1355 వరకు సియెనాను ఏలింది తొమ్మండుగురి ప్రభుత్వం. వ్యాపారులు, వడ్డీ వ్యాపారం చేసే సంపన్నుల నుంచే ఈ తొమ్మిది మంది వచ్చేవారు. పాత కులీన వంశాలకు అందులో చోటు లేదు. పదవీకాలం రెండు నెలలే. ఆ రెండు నెలలూ ఆ భవనంలోనే తిని, అక్కడే పడుకోవాలి. మళ్లీ ఆ పదవికి రావాలంటే 20 నెలలు ఆగాలి. తమ అధికారాన్ని తామే ఇంతగా అనుమానించిన పాలకులు వాళ్లు. 1297లో మొదలైన భవనం 1310 నాటికి ఒక రూపానికి వచ్చింది. కింద రాయి, పైన ఎర్రటి ఇటుక. ముందున్న కాంపో మైదానం వంపును అనుసరిస్తూ గోడ కూడా కాస్త వంగింది. ఆ మైదానం తొమ్మిది భాగాలుగా విచ్చుకుని, భవనం వైపు గవ్వలా వాలి ఉంటుంది. చుట్టూ ఇళ్లు కట్టుకునేవారు కిటికీలకు సన్నని స్తంభాలే పెట్టాలి, బాల్కనీలు పెట్టకూడదని 1297లోనే చట్టం చేశారు. భవనాన్ని ఆనుకుని సుమారు 88 మీటర్ల మాంజా గంట గోపురం లేచింది ఆ తర్వాత, 1348 నాటికి.

అదే ప్రభుత్వం 1309, 1310ల్లో తన చట్టాలను లాటిన్ నుంచి జనం మాట్లాడే భాషలోకి రాయించింది. లాటిన్ రాని పేదవాళ్లు కూడా చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాల్లో రాయాలని ఆదేశించింది. ఈ సంగతి తెలిశాకే ఆ గోడల మీది పద్యాల విలువ నాకు అర్థమైంది. 1315లో సిమోనె మార్టిని సభామందిరం గోడ నిండా మేరీమాతను చిత్రించాడు. దేవదూతలు ఆమెకు గులాబీలు, లిల్లీలు సమర్పిస్తుంటారు. కింద ఆమె మాటలుగా రాసిన పద్యం ఉంది: దేవదూతల పూలకన్నా మంచి ఆలోచనలే నాకు ఇష్టం, నన్ను కాదని నా నేలను మోసగించేవాళ్లూ ఉన్నారు. అదీ ఇటాలియన్‌లోనే. పూజలు చేసి తప్పించుకోలేరని సభ్యుల ముఖం మీదే చెప్పినట్టుంది. బాలయేసు చేతిలోని పత్రం మీద ‘భూమికి తీర్పు చెప్పేవారలారా, న్యాయాన్ని ప్రేమించండి’ అనే బైబిల్ వాక్యం లాటిన్‌లో ఉంది. ఇరవైయేళ్ల తర్వాత లోరెంజెట్టి పక్క గదిలో న్యాయదేవత తల చుట్టూ రాసింది ఆ వాక్యాన్నే.

లోరెంజెట్టి గదిలో తూర్పు గోడ చూడముచ్చటగా ఉంటుంది. చెప్పులు కుట్టేవాడి దుకాణం, పిల్లలకు పాఠం చెప్పే పంతులు, కొత్త ఇంటి మీద పనిచేస్తున్న తాపీపనివాళ్లు, కంజిర లాంటి వాద్యం వాయిస్తూ ఒకరు పాడుతుంటే చేతులు పట్టుకుని తొమ్మిది మంది నాట్యం. కోట ద్వారం దాటితే పొలాలు, నూర్పిళ్లు. నడుముకు తెల్లటి పట్టీ ఉన్న నల్లపందిని ఒక రైతు ఊళ్లోకి తోలుకొస్తున్నాడు. అది ఆ ప్రాంతపు జాతి పంది, ఇప్పటికీ అక్కడ పెంచుతున్నారు. ఆ దారి పైన ఆకాశంలో భద్రత అనే రెక్కల స్త్రీ తేలుతోంది. ఎవరైనా భయం లేకుండా నడవవచ్చు, దున్ని విత్తుకోవచ్చు అని ఒక చేతిలోని పత్రం. రెండో చేతిలో ఉరికంబం, దానికి వేలాడుతున్న మనిషి. పోస్టుకార్డుల్లో నాట్యం కనిపిస్తుంది, ఉరికంబం కనిపించదు. అలా కత్తిరించడం నాకు నచ్చదు. శాంతికి కూడా ఒక ఖరీదు ఉందని చిత్రకారుడు దాచకుండా వేశాడు. దాన్ని దాచే హక్కు మనకు లేదు.

ఎదురుగా పడమటి గోడ. కొమ్ములు, కోరలతో నిరంకుశత్వం సింహాసనం మీద, కాళ్ల దగ్గర మేక. న్యాయదేవతను కట్టి కింద పడేశారు. ఆ నగరంలో నడుస్తున్నది ఒక్కటే దుకాణం, ఆయుధాలు చేసేవాడిది. నిరంకుశుడి కొలువులో విభజన అనే స్త్రీ ఉంది. సగం నలుపు, సగం తెలుపు బట్టలు, వాటి మీద ‘అవును’, ‘కాదు’. నలుపు తెలుపులు సియెనా సొంత రంగులు. ఆమె చేతిలో వడ్రంగి రంపం, దానితో తన ఒంటినే కోసుకుంటోంది. సామరస్యానికి చిత్రిక, విభజనకు రంపం. రెండూ ఒకే సంచిలోని పనిముట్లు. శత్రువు బయటి నుంచి వస్తాడని లోరెంజెట్టి వేయలేదు.

ఇదంతా ధనిక వర్తకులు తమ పాలనకు తాము చేసుకున్న ప్రచారమే అనేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. 24 మందిలో కూలీలు లేరు, మైదానంలో ధాన్యం కోసం అరిచిన పేదలు లేరు. అయినా ఉత్త ప్రచారానికి పడమటి గోడ అవసరం ఉండదు. తమ నగరం ఎలా కూలిపోతుందో తామే డబ్బిచ్చి గీయించుకున్నవాళ్లను ఆ ఒక్క మాటతో కొట్టిపారేయడం అన్యాయం.

1348లో ప్లేగు వచ్చింది. అంబ్రోజో, అతని అన్న పియెత్రో అందులోనే చనిపోయి ఉంటారని చరిత్రకారులు భావిస్తారు. ఐదుగురు పిల్లలను నా చేతులతోనే పాతిపెట్టానని ఆన్యోలో ది తూరా తన నగర చరిత్రలో రాసుకున్నాడు. ఏడేళ్ల తర్వాత, పవిత్ర రోమన్ చక్రవర్తి నాలుగో చార్లెస్ ఊళ్లోకి వచ్చిన సమయంలో జనం తిరగబడ్డారు, తొమ్మండుగురి పాలన ముగిసింది. కూల్చినవాళ్లు ఆ చిత్రాలను మాత్రం చెరిపేయలేదు. 1420లలో బెర్నార్డినో అనే సన్యాసి సియెనా జనానికి ప్రసంగిస్తూ, మీ భవనంలో శాంతి, యుద్ధం బొమ్మలు ఉన్నాయి కదా అని గుర్తుచేశాడు. గీయించినవాళ్లు పోయి డెబ్బై ఏళ్లయినా వాటితో పని పడింది.

ఆ భవనంలో నేటికీ పురపాలక కార్యాలయాలు ఉన్నాయి. చిత్రాలున్న గదులు మ్యూజియం అయ్యాయి. టికెట్టు కొని వెళ్లినవాళ్లు తూర్పు గోడ ముందు చాలాసేపు నిలబడతారు. పడమటి గోడ బాగా దెబ్బతింది, రంగు పెచ్చులుగా రాలి పెద్ద భాగాలు పోయాయి. రంపం మాత్రం ఇంకా కనిపిస్తుంది.