రాత్రి షిఫ్టును వృత్తిపరమైన ముప్పుగా గుర్తించాల్సిందే

రొమ్ము క్యాన్సర్ పారిశ్రామిక దేశాల్లోనే ఎందుకంత ఎక్కువ? తిండిలోని కొవ్వే కారణమన్న జవాబు బలహీనపడుతున్న రోజుల్లో, 1987లో, వ్యాధుల వ్యాప్తిని, కారణాలను అధ్యయనం చేసే అమెరికా ఎపిడెమియాలజిస్టు రిచర్డ్ స్టీవెన్స్ విద్యుత్ వాడకం వైపు వేలు చూపారు. రాత్రివేళ వెలుతురు పడితే చీకట్లో ఊరవలసిన మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుందని, ఆ లోటు రొమ్ము క్యాన్సర్‌కు దారితీయవచ్చని ఆయన ప్రతిపాదించారు. ఆ తరువాతి దశాబ్దాలను ఆయన ప్రధానంగా ఈ వెలుతురు ప్రశ్నకే వెచ్చించారు.

ఆ ప్రతిపాదనను పరీక్షకు పెట్టే వీలుంది. అది నిజమైతే రాత్రి షిఫ్టుల్లో పనిచేసే స్త్రీలకు ముప్పు పెరగాలి, చూపు పూర్తిగా లేని స్త్రీలకు తగ్గాలి. అంధ స్త్రీలలో ఈ క్యాన్సర్ దాదాపు సగమేనని 1991లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. ముప్పై ఏళ్లకు పైగా రాత్రి షిఫ్టులు చేసిన నర్సులలో ముప్పు 36 శాతం ఎక్కువని 2001లో మరొకటి చూపింది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2005లో డేవిడ్ బ్లాస్క్ బృందం జరిపిన ప్రయోగం. ఎలుకల్లో పెంచిన మానవ రొమ్ము కణితుల గుండా స్త్రీల రక్తాన్ని ప్రవహింపజేసినప్పుడు, రాత్రి చీకట్లో తీసిన రక్తం కణితి పెరుగుదలను అణచింది. అదే రాత్రి ప్రకాశవంతమైన దీపాల కింద ఉంచాక తీసిన రక్తానికి ఆ శక్తి లేకపోయింది. శరీరం తనకు తాను చేసుకునే రక్షణ దీపకాంతికి ఎలా కరిగిపోతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

రాత్రి పనికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం లేదని 2016లో బ్రిటన్‌కు చెందిన ఒక భారీ అధ్యయనం ప్రకటించిన మాట నిజమే. అయితే అందులోని స్త్రీలలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ వయసు దాటినవారు కాబట్టి, చిన్న వయసులో చేసిన రాత్రి పని ప్రభావం అందులో బయటపడకపోయి ఉండవచ్చు. యవ్వనంలో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా రాత్రులు పనిచేసిన నర్సులలో ముప్పు రెట్టింపు దాటిందని 2017లో వెలువడిన నర్సుల అధ్యయనం చూపింది. రాత్రి షిఫ్టును 2007లోనే ‘బహుశా క్యాన్సర్ కారకం’గా వర్గీకరించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఈ ఫలితాలన్నీ చూశాక 2019లోనూ అదే తీర్పు ఇచ్చింది.

ఇక్కడినుంచి ప్రశ్న ప్రయోగశాలది కాదు, కార్మిక చట్టానిది. ఏళ్ల తరబడి రాత్రులు పనిచేసి రొమ్ము క్యాన్సర్ బారిన పడిన నర్సులు తదితరులకు డెన్మార్క్ నష్టపరిహారం చెల్లించింది. మన 2020 వృత్తి భద్రతా కోడ్ స్త్రీలు వారి సమ్మతితో రాత్రి పనిచేయడానికి దారి తెరిచింది. అది న్యాయమైన హక్కే. కానీ పనివల్ల వచ్చినప్పుడు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల జాబితా అయిన అదే కోడ్ మూడో షెడ్యూల్‌లో, రాతి ధూళి వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఉంది, సీసం విషం ఉంది. రాత్రి షిఫ్టుతో ముడిపడిన క్యాన్సర్ లేదు. హైదరాబాద్‌లో అమెరికా వేళలకు పనిచేసే అమ్మాయిని క్యాబ్‌లో ఇంటికి చేర్చడంతో యజమాని బాధ్యత తీరిపోయిందని మనం అనుకుంటున్నాం. రాత్రి షిఫ్టు ఏళ్లను సర్వీసు రికార్డులో విడిగా నమోదు చేయాలి, దీర్ఘకాలం చేసినవారికి యజమాని ఖర్చుతో రొమ్ము పరీక్షలు జరిపించాలి, ఆ వ్యాధిని షెడ్యూల్‌లో చేర్చాలి.