థో సరస్సు ఒడ్డున ఒక పూట: రుచి పర్యాటకులది, నష్టం పెంపకందారులది

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మోంపెలియె నగరంలో రైలెక్కితే ఇరవై నిమిషాల్లో సెత్ రేవుపట్నం వస్తుంది. అక్కడి నుంచి థో అనే ఉప్పునీటి సరస్సు చుట్టూ తిరుగుతూ, మధ్యాహ్నానికి బుజీగ్ గ్రామంలో నీటి ఒడ్డునే ఆయిస్టర్లు (చిప్పల్లో పెరిగే సముద్రజీవులు) తిని, పినె ఊరి తోటల్లో తెల్ల వైన్ రుచి చూసి, మార్సెయాన్ రేవులో కాసేపు కూర్చుని చీకటి పడేలోగా తిరిగి రావచ్చు. పారిస్ చూసుకుని నేరుగా స్విట్జర్లాండ్ దారి పట్టే మన యాత్రికుల పటంలో ఈ తీరానికి చోటు తక్కువే గానీ, ఒక్కరోజులో ఇంత తిండి, ఇంత చరిత్ర, ఇంత సముద్రం కలిసివచ్చే చోట్లు మధ్యధరా పొడవునా వెతికినా ఎక్కువ కనిపించవు. అయితే ఈ యాత్రను రోమన్ల నాటి సంప్రదాయంగా, ప్రకృతి ప్రసాదంగా అమ్మే ప్రచారాన్ని ఉన్నదున్నట్టు నమ్మితే, ఆ పళ్లెం వెనుక నడుస్తున్న అసలు వ్యవహారం మన కంటికి ఆనదు.

రోమన్ల మాటలో అబద్ధమేమీ లేదు. సరస్సుకు ఉత్తరాన ఉన్న లూపియాన్‌లో బయటపడిన రోమన్ భవంతి శిథిలాల్లో చక్కటి మొజాయిక్ నేలలు ఉన్నాయి. ఆ ఎస్టేటులో వైన్ తయారుచేసేవారు. కానీ ఇవాళ బల్ల మీదకు వచ్చేవాటిలో రోమన్లకు తెలిసినది దాదాపు ఏదీ లేదు. సెత్ పట్టణమే 1666లో, కాల్వ ద్వారా అట్లాంటిక్ వైపును మధ్యధరాతో కలపాలన్న పదునాలుగో లూయీ ప్రభుత్వ ప్రణాళికలో భాగంగా, రేవు కోసం పుట్టించిన ఊరు. పియెర్ పోల్ రికె తవ్వించిన ఆ కాల్వ, కెనాల్ దు మిది, 1681లో పూర్తయి మార్సెయాన్ పక్కన ఇదే సరస్సులో కలుస్తుంది. సెత్ వీధుల్లో పొద్దున్నే దొరికే తియెల్, అంటే ఆక్టోపస్ ముక్కలను టమాటా, మసాలాతో ఉడికించి పిండిలో పొదిగి కాల్చిన గుండ్రటి కజ్జికాయ లాంటి వంటకం, ఇటలీలోని గయేతా ప్రాంతం నుంచి వలస వచ్చిన మత్స్యకారులు తెచ్చినది. పినె తోటల తెల్ల వైన్ పిక్పూల్ ద పినెకు సొంత భౌగోళిక గుర్తింపు వచ్చింది 2013లోనే. ఆ వైన్ నింపే సన్నటి ఆకుపచ్చ సీసాను కూడా 1990లలో పట్టుబట్టి ప్రాంతమంతటికీ ఒకే గుర్తుగా రూపొందించుకున్నారు.

ఇక ఆయిస్టర్ సంగతి మరీ విచిత్రం. ఫ్రాన్స్‌లో అంతకుముందు పెంచిన పోర్చుగీసు రకం 1970 ప్రాంతంలో జబ్బుపడి తుడిచిపెట్టుకుపోవడంతో, జపాన్ నుంచి తెచ్చిన పసిఫిక్ రకంతో ఆ స్థానాన్ని నింపారు. బుజీగ్ ఆయిస్టర్ అని మనం ఆరగించేది ఆ జపాన్ రకం సంతతే. దాని పిల్లల్లో చాలా భాగం అట్లాంటిక్ తీరం నుంచో, హేచరీల నుంచో వస్తాయి. భీమవరం చెరువుల్లో ఇవాళ పెరుగుతున్న వనామీ రొయ్య కూడా 2009లో అనుమతి పొందిన పసిఫిక్ తీరపు రకమేనన్నది గుర్తున్న పాఠకులకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఏ తీరమైనా స్థానికం అని గొప్పగా చెప్పుకునే దానిలో ఎక్కడినుంచో తెచ్చి సాకినదే ఎక్కువ.

సాకడం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. అట్లాంటిక్ ఒడ్డున ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు ఆయిస్టర్లను నీటిలోంచి బయటకు తీసి, మళ్లీ ముంచుతాయి. ఆ అలవాటుతో చిప్ప గట్టిపడుతుంది, లోపలి కండరం బిగుతుగా మూసుకోవడం నేర్చుకుంటుంది. మధ్యధరాలో ఆటుపోట్లు నామమాత్రం. అందుకే సుమారు 7,500 హెక్టార్ల ఈ సరస్సులో వరుసలుగా పాతిన రాట్ల మీద పట్టాలు బిగించి, వాటికి తాళ్లు వేలాడదీస్తారు. కొంత ఎదిగిన ఆయిస్టర్లను ఒడ్డున షెడ్డులో ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, చిటికెడు సిమెంటు ముద్దతో రెండు మూడేసి చొప్పున తాడుకు అతికించి, ఒక జానెడు వదిలి మళ్లీ అతికిస్తూ పోతారు. సిమెంటు ఆరాక ఆ తాడు సరస్సులోకి దిగుతుంది. ఎప్పుడూ నీటిలోనే ఉంటాయి గనుక అవి ఎడతెగకుండా మేస్తాయి, త్వరగా ఎదుగుతాయి. చిప్ప మాత్రం పలుచన. ఆ లోటు తీర్చడానికి కొందరు తాళ్లను పైకెత్తి కొన్ని గంటలు ఎండకు వదులుతారు. మార్సెయాన్ వైపు సౌరశక్తితో నడిచే మోటార్లు పెట్టి ఆటుపోటును యంత్రంతోనే సృష్టించినవారూ ఉన్నారు. పళ్లెంలో మంచుగడ్డల మీద డజను చిప్పలు చూసినప్పుడు చేతిపని ఆనవాలు తెలియదు గానీ, చిప్ప వెనక్కి తిప్పి చూస్తే చాలాసార్లు ఆ సిమెంటు మచ్చ ఇంకా కనబడుతుంది.

వైన్ కథలోనూ ఇదే తీరు. ఈ తీరం ఉన్న లాంగ్‌డాక్ ప్రాంతం వందేళ్లకు పైగా చవక ఎర్ర వైన్‌కు పేరు. రైళ్లలో ఉత్తరాది కార్మికవాడలకు తరలే ఆ సరుకు ధర కుప్పకూలి 1907లో లక్షలాది ద్రాక్ష రైతులు వీధుల్లోకి వచ్చారు, సైన్యం కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాంతపు సంక్షోభం నేటికీ తీరలేదు: వైన్ వాడకం తగ్గిపోవడంతో, తోటలు శాశ్వతంగా పీకేసిన రైతుకు హెక్టారుకు 4,000 యూరోల చొప్పున, గరిష్ఠంగా 30,000 హెక్టార్ల వరకు పరిహారమిచ్చే పథకాన్ని ఫ్రాన్స్ 2024లో అమలుచేసింది. ఇంత ఊబిలోనూ సరస్సు పక్కన ఆరు గ్రామాల పిక్పూల్ నిలబడింది. ఎండలు మండినా పులుపు పోగొట్టుకోని, ఆలస్యంగా పండే ద్రాక్ష అది. ఒకప్పుడు దాన్ని మార్సెయాన్‌లోని నోయీ ప్రా సంస్థ తయారుచేసే వెర్మూత్ అనే మూలికల వైన్‌కు ముడిసరుకుగా ఎక్కువ వాడేవారు. అక్కడి ఆవరణలో పీపాలను ఎండకూ వానకూ ఏడాదిపాటు బయటే వదిలే పద్ధతి ఇప్పటికీ కొనసాగుతోంది, ఈ యాత్రలో తప్పక చూడవలసిన దృశ్యం కూడా. ముడిసరుకు స్థాయి నుంచి సొంత పేరున్న సీసా స్థాయికి పిక్పూల్ ఎదగడంలో నేల మహిమ కన్నా, 1922లో పినెలో మొదలైన సహకార సంఘం వంటివాటి ఓపికకూ, సీసా మీదా పేరు మీదా రాజీపడని నిబంధనలకూ ఎక్కువ మార్కులు వేస్తాను. బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో ఆ వైన్ అంతగా పాతుకుపోవడానికి కారణం గుర్తుపట్టడం తేలిక కావడమే.

రుచి విషయంలో మాత్రం ప్రచారం అతిశయోక్తి కాదు. ఆయిస్టర్ ఉప్పదనం నాలుక మీద ఉండగానే ఈ వైన్ గుటక వేస్తే నిమ్మరసం అక్కర్లేదు. అది చేసే పనే ఇదీ చేస్తుంది. నిమ్మచెక్క పిండుకునేవారిని తప్పుపట్టను గానీ, పిండాక ఏది సరస్సుదో ఏది నిమ్మదో విడదీయడం కష్టం. ఇంతా చేసి, బుజీగ్‌కు గానీ పినెకు గానీ రైలు లేదు; కారు నడిపేవారికి రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు గానీ అంతకు మించి గానీ మద్యం ఉండకూడదన్నది ఫ్రాన్స్ చట్టం. వైన్ యాత్ర అని పేరు పెట్టి, నడిపే మనిషిని గుక్క నోట్లో తిప్పి ఉమ్మేయమనడం మనకు వింతగా తోచినా, రుచి గదుల్లో ఉమ్మడానికి పాత్ర సిద్ధంగానే ఉంటుంది.

అసలు చిక్కు నీటి దగ్గర ఉంది. ఆయిస్టర్ తన చుట్టూ ఉన్న నీటిని వడపోసి బతుకుతుంది. ఆ నీటిలో ఏముంటే దాని ఒంట్లో అదే ఉంటుంది. భారీ వర్షానికి మురుగు పైపులు పొంగి సరస్సులో కలిసినప్పుడు మనుషుల కడుపుజబ్బు తెచ్చే నోరోవైరస్ చిప్పల్లో చేరుతుంది, అధికారులు అమ్మకాలు ఆపేస్తారు. అట్లాంటిక్ వైపు ఆర్కషోన్‌లో 2023 డిసెంబరు చివర్లో, సరిగ్గా పండగ అమ్మకాల వేళ, ఇలాగే నిషేధం పడింది. థో పెంపకందారులకూ శీతాకాలపు నిషేధాలు కొత్త కావు. జబ్బు పుట్టింది ఊళ్ల మరుగుదొడ్లలో, నష్టపోయింది పెంపకందారు. వేసవిలో ప్రమాదం మరోలా వస్తుంది. గాలి ఆడని మండుటెండల్లో అడుగున కుళ్లిన నాచు ప్రాణవాయువును లాగేస్తుంది, నీరు పాలరంగుకు తిరిగి కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. స్థానికులు దీన్ని మలాయిగ్ అంటారు. 2018 వేసవిలో అది వచ్చినప్పుడు సరస్సులోని మసెల్స్ (తినే చిప్పల్లో మరో రకం) దాదాపు అన్నీ, ఆయిస్టర్లలో సుమారు మూడో వంతు చనిపోయాయి. దీనికి తోడు 2008 నుంచి హెర్పిస్ జాతి వైరస్ ఒకటి ఏటా పిల్ల ఆయిస్టర్లను పెద్ద ఎత్తున చంపుతూనే ఉంది.

శుద్ధి కేంద్రాలు కడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కట్టారు, ఫలితమూ వచ్చింది. 1970లలో ఎరువులు, మురుగుతో బలిసిన సరస్సులోకి చేరే ఫాస్ఫరస్ దశాబ్దాల కృషితో బాగా తగ్గింది. అయితే ఆ పోషకాలతోనే ఆయిస్టర్ మేసే సూక్ష్మ నాచు పెరుగుతుంది కాబట్టి, నీరు తేటపడేకొద్దీ మేత తగ్గుతుందేమోనన్న బెంగ పెంపకందారుల్లో మొదలైంది. శుభ్రతకు, దిగుబడికి మధ్య ఎక్కడ గీత గీయాలన్నది శాస్త్రం ఒక్కటే తేల్చేది కాదు. సరస్సు ఎవరికోసం అన్న రాజకీయ నిర్ణయం అది. నా మటుకు మురుగు విషయంలో సడలింపు ఉండకూడదు. మేత తగ్గితే తాళ్ల సంఖ్య తగ్గించుకుని ఎక్కువ ధరకు అమ్ముకోవడమే దారి, ఆ ధర చెల్లించవలసింది ఒడ్డున కూర్చుని తినేవారు.

అక్కడే ఒక్కరోజు యాత్రికుడి లెక్క తేలాలి. ఫ్రాన్స్‌లో రాత్రి బసచేసేవారి నుంచి స్థానిక సంస్థలు బస పన్ను వసూలు చేస్తాయి. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారికి అది వర్తించదు. వారి కార్లకు రోడ్లు, వారి అవసరాలకు మరుగుదొడ్లు, వారి చెత్తకు బండ్లు మాత్రం ఊరే సమకూర్చాలి. సెత్‌కూ మార్సెయాన్‌కూ మధ్య, సముద్రాన్నీ సరస్సునూ విడదీసే సన్నటి ఇసుక తిన్నె కోతకు గురవుతుంటే, దాని మీద ఉన్న రోడ్డును వెనక్కి జరిపి తీరాన్ని తిరిగి కట్టుకోవడానికి ఖర్చుపెట్టిందీ ప్రజాధనమే. ఒడ్డున కార్లు నిలిపే చోట వేసవి నెలల్లో రుసుము పెట్టి, ఆ సొమ్మును మురుగు పైపుల మరమ్మతుకే కేటాయించాలన్నది నా ప్రతిపాదన. హోటళ్లవారు దీన్ని వ్యతిరేకిస్తారు, బేరాలు పడిపోతాయంటారు. డిసెంబరులో ఒక్క నిషేధం పడితే పోయే బేరాల ముందు కారుకు రెండు మూడు యూరోలు ఏపాటివో వారే లెక్కగట్టుకోవచ్చు.