ఒక్క గెస్ట్ లెక్చర్‌తో అయ్యే పనా ఇది?

ఫార్మసీ విద్యార్థులకు ట్రాన్స్‌జెండర్ రోగుల గురించి నేర్పాలన్న వ్యాసం బాగుంది గానీ, ఏడాదికో గెస్ట్ లెక్చర్ చాలన్న మాటే నాకు మింగుడుపడలేదు. కావలిలో మందుల షాపు నడుపుతున్నా. మా దగ్గరికొచ్చే ట్రాన్స్ అక్కల్లో చాలామంది డాక్టర్ దగ్గరికి పోకుండానే, తెలిసినామె ఎవరో వాడిందని, ఒంట్లో ఆడతనం రావడానికి గర్భనిరోధక మాత్రలు అడుగుతారు, పైగా రోజుకు రెండు మూడు వేసుకుంటారు. వాటిల్లో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌తో (ఆడ హార్మోన్) రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు ఎస్ట్రాడయాల్ కంటే ఎక్కువ, సిగరెట్ అలవాటుంటే ఇంకా డేంజర్. మగ హార్మోన్‌ను అణచడానికి స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరుగుతోందేమో చూడాలి, బీపీకి టెల్మిసార్టాన్ కూడా వేసుకుంటుంటే మరీను. టీబీకి రిఫాంపిసిన్ మొదలైతే ఈస్ట్రోజెన్ పనితనం తగ్గిపోతుంది.

ఇవన్నీ ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) పిల్లలు ఆరేళ్ల కోర్సులో ఎక్కడో ఒకచోట చదివేవే, కాకపోతే కౌంటర్ ముందు నిలబడిన మనిషికి వాటిని కలిపి చూడటం ఎవరూ నేర్పరు. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్ కూడా డాక్టర్ల పాఠ్యప్రణాళికను సమీక్షించమంది, ఫార్మసీ ఊసే లేదు!

ఇంకోటి, చీటీ మీదున్న పాత పేరు పదిమందిలో గట్టిగా చదివితే ఆమె మళ్లీ ఆ షాపు మెట్లెక్కదు. ఏ పేరుతో పిలవమంటారని మెల్లగా అడిగితే ఏం పోయింది?

లెక్చర్ పెట్టేదేదో, నెల్లూరు, ఒంగోలు ట్రాన్స్ మహిళల్నే పిలిచి, దారి ఖర్చులూ ఫీజూ ఇచ్చి మాట్లాడించండి. టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) వాడే ట్రాన్స్ మగవాళ్లనూ మర్చిపోవద్దు, వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క ముక్కా లేదు.