జాతీయ ఉత్తమ నటుడెవరు: మన లెక్క ఎక్కడ తప్పుతోంది?

జాతీయ చలనచిత్ర అవార్డుల ప్రకటన దగ్గర పడిందంటే నల్లగొండ గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతూ సాగే చర్చకూ, ఎన్నికల ముందు అక్కడే సాగే చర్చకూ పెద్ద తేడా కనిపించదు. ఏ హీరోకు ఎంతమంది అభిమానులున్నారు, ఏ సినిమా ఎన్ని కోట్లు వసూలు చేసింది, ఢిల్లీలో ఎవరి మాట చెల్లుతుంది అన్న లెక్కలన్నీ కూడి చివరికి ఒక పేరు తేలుస్తారు. 2022లో మునుగోడు ఉపఎన్నికను చూసిన జిల్లాకు గెలుపోటముల లెక్కలు కొత్తగా నేర్పనవసరం లేదు. అయితే ఎన్నికకు పనికొచ్చే ఆ లెక్క ఈ అవార్డుకు పనికిరాదు. ఇక్కడ ఓటు వేసేవారు పట్టుమని డజను మంది కూడా ఉండరు, వారిలో చాలామందికి మన భాష రాదు. అంచనా వేయవలసింది ఆ కొద్దిమంది చూపునే.

ఆ మాటకొస్తే ఆస్కార్‌ను ఊహించడమే కొంత సులువు. అక్కడ ఓటర్లు వేలల్లో ఉంటారు, తుది ఫలితానికి ముందు ఎక్కి చూడదగిన మెట్లు ఉంటాయి. నటన విభాగాల నామినేషన్లను ఆస్కార్ ఇచ్చే అకాడమీలోని నటీనటులే ప్రాధాన్య క్రమంలో ఓటు వేసి తేలుస్తారు. వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 2021లో 71 మంది పోటీ చేసినప్పుడు, వెనకబడినవారిని ఒక్కొక్కరినీ తొలగిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లను రోజుల తరబడి లెక్కించిన తీరు చూసిన మన జిల్లావాసులకు ఆ పద్ధతి చెప్పకుండానే అర్థమవుతుంది. తుది విజేతకు మాత్రం ఆ చిక్కులేవీ లేవు, ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. మధ్యలో అమెరికా నటుల సంఘమిచ్చే గిల్డ్ అవార్డులు, బ్రిటన్ వారి బాఫ్టా వచ్చి గాలి ఎటు వీస్తోందో చెప్పేస్తాయి. ఆ మెట్లూ అప్పుడప్పుడు జారుతాయి. 2021లో గిల్డ్ అవార్డు దివంగత చాడ్విక్ బోస్‌మన్‌కు దక్కడంతో ఆస్కార్ కూడా ఆయనదేనని దాదాపు అందరూ నమ్మగా, అది ఆంథొనీ హాప్కిన్స్‌కు వెళ్లింది. 2025లో గిల్డ్ టిమోతీ షాలమేను ఎంచుకుంటే అకాడమీ ఏడ్రియన్ బ్రోడీని ఎంచుకుంది. అయినా ఆ రెండుసార్లూ బాఫ్టాను నమ్ముకున్నవాడు గెలిచాడు.

మన జాతీయ అవార్డుకు అలాంటి మెట్టు ఒక్కటీ లేదు. నామినేషన్లు ప్రకటించరు. ప్రాంతీయ ప్యానెళ్లు వడపోసిన చిత్రాలు కేంద్ర జ్యూరీ ముందుకు వెళతాయి, లోపలి చర్చ బయటికి రాదు, ఒకరోజు మధ్యాహ్నం విలేకరుల సమావేశంలో పేరు చదువుతారు. రాష్ట్ర అవార్డులను బట్టి ఊహిద్దామన్నా 2017 తర్వాత ఏళ్ల తరబడి నంది అవార్డుల ప్రకటనే లేదు, తెలంగాణలో గద్దర్ అవార్డులు 2025లో గానీ మొదలు కాలేదు. దీనికి తోడు ఆలస్యం ఒకటి. 2021 డిసెంబరులో విడుదలైన 'పుష్ప'కు అల్లు అర్జున్‌ను ఉత్తమ నటుడిగా ప్రకటించింది 2023 ఆగస్టు 24న. ఇరవై నెలల తర్వాత చూసే జ్యూరీకి మొదటి ఆట ఈలలు వినపడవు, కటౌట్లకు చేసిన పాలాభిషేకాలు గుర్తుండవు. కళ్లంలో ఆరిన వడ్లను చేత్తో పట్టి చూసి బాగున్నాయనుకోవడం వేరు, కొనుగోలు కేంద్రంలో తేమ యంత్రం చూపే అంకె వేరు. రైతుకు తెలిసిన ఈ తేడాను సినిమా అభిమాని ఎందుకో ఒప్పుకోడు.

అసలు చిక్కు భాష దగ్గర ఉంది. తెలంగాణ నేపథ్యంలో ఒక సినిమా వస్తే నల్లగొండలోగానీ పాలమూరులోగానీ ప్రేక్షకుడు మొదట చూసేది యాసనే. ఆ మాట సూర్యాపేట దిక్కుదా, అచ్చంపేట దిక్కుదా, లేక హైదరాబాద్ స్టూడియోలో కూర్చుని అల్లిందా అన్నది అతను రెండో వాక్యానికే పట్టేస్తాడు, నటుడికి మార్కులు కూడా అక్కడే వేసేస్తాడు. కానీ కేంద్ర జ్యూరీలోని ఒక బెంగాలీ దర్శకుడికో మరాఠీ రచయితకో ఆ మాట తెర అడుగున ఒక ఇంగ్లిష్ వాక్యంగా చేరుతుంది. చిత్తూరు యాస అయినా దేవరకొండ యాస అయినా సబ్‌టైటిల్‌లో ఒకటే. పలుకులోని విరుపు, వెటకారం, రెండు మాటల నడుమ ఆపి ఆపి పలికే పొగరు అక్కడే రాలిపోతాయి. వాటన్నిటినీ దాటుకుని జ్యూరీకి అందేది నటుడి ఒళ్లు, కళ్లు, నడక మాత్రమే. అందుకే అవార్డు ఎవరికో ఊహించాలనుకున్నప్పుడు నేను ఆ సినిమాలోని రెండు మూడు సన్నివేశాలను సౌండు తీసేసి మళ్లీ చూస్తాను.

ఈ పరీక్షకు ఎదురులేని ఉదాహరణ మన తెలంగాణ సినిమాయే. బి.నర్సింగరావు తీసిన 'దాసి'లో గడీలో బతుకు ఈడ్చే దాసిగా అర్చన 1988 సంవత్సరానికి ఉత్తమ నటి అయ్యారు. ఆ పాత్ర మాట్లాడేది తక్కువ, వంగిన వెన్ను, దించిన చూపు మాట్లాడేది ఎక్కువ. ఆ ఒంటి మీది బట్ట కూడా నటించింది. దాన్ని సిద్ధం చేసి అదే చిత్రానికి దుస్తుల విభాగంలో జాతీయ అవార్డు పొందిన పిట్టంపల్లి సుదర్శన్‌ది మన మిర్యాలగూడ. 'దాసి సుదర్శన్'గానే పేరుపడిన ఆయన 2024లో కన్నుమూశారు. నటనకు వచ్చిన అవార్డులో దుస్తులవారి వాటా, కెమెరావారి వాటా ఎంతో విడదీసి చెప్పలేం. పందెం కాసేవారు ఆ పేర్లను అడగనైనా అడగరు.

తెలుగు హీరోకు ఈ అవార్డు రావడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు కూడా నాకు ఇందులోనే కొంత జవాబు కనిపిస్తుంది. 'నిమజ్జనం'లో శారద, 'దాసి'లో అర్చన, 'కర్తవ్యం'లో విజయశాంతి, 'మహానటి'లో కీర్తి సురేశ్ ఉత్తమ నటీమణులయ్యారు. హీరోలకు మాత్రం 'పుష్ప' గెలిచిన 69వ అవార్డుల దాకా అది అందలేదు. మన హీరో బలమంతా డైలాగులో ఉంది. ఎన్టీ రామారావు సమాసాలను ఊపిరి తీయకుండా పలికితే మనకు ఒళ్లు పులకరిస్తుంది, అనువాదంలో అది రెండు వరుసల సమాచారం. అల్లు అర్జున్ 'పుష్ప'లో యాస నేర్చుకున్నారు, నిజమే. అయితే ఢిల్లీకి చేరింది ఆ ఎత్తిన భుజం, ఆ ఈడ్చే నడక అని నా నమ్మకం. అదే ఏడాది 'ఆర్ఆర్ఆర్' ఆరు అవార్డులు తెచ్చుకుంది గానీ నటనకు ఒక్కటీ లేదు. ఇద్దరు హీరోలు సమానంగా మోసిన సినిమాలో ఒకరిని వేరుచేయడం జ్యూరీకి కష్టమే. మరుసటి ఏడాది 'కాంతార' పతాక సన్నివేశానికి సబ్‌టైటిల్ అవసరమే లేదు, రిషబ్ శెట్టి గెలిచారు. 'కర్తవ్యం' నా లెక్కకు లొంగదని ముందే ఒప్పుకుంటాను. అది మాటల తూటాలు పేలే పోలీసు కథ. అయితే అందులోనూ విజయశాంతి నడక, నిలబడిన తీరు సౌండు లేకుండా చూసినా నిలుస్తాయి.

మరో గుర్తు నిజజీవిత పాత్ర. సావిత్రిగా కీర్తి సురేశ్, తానాజీగా అజయ్ దేవగణ్, ఐపీఎస్ అధికారి మనోజ్ కుమార్ శర్మగా విక్రాంత్ మాసే గెలిచారు. జ్యూరీకి పోల్చి చూసుకోవడానికి ఎదురుగా ఒక అసలు మనిషి ఉంటే మార్కులు వేయడం తేలిక. పాత్రను గాలిలోంచి పుట్టించడం నిజానికి ఇంతకంటే కష్టమైన పని, దానికి దక్కవలసిన గౌరవం దీనికి పోతోందన్న అసంతృప్తి నాకుంది. ఊహించేటప్పుడు మాత్రం ఆ అసంతృప్తిని పక్కన పెట్టాల్సిందే.

ఇన్ని చూసుకున్నా 71వ అవార్డుల్లో నా లెక్క సగమే నిలిచింది. 'ట్వెల్త్ ఫెయిల్' నటుడు మాసే పేరు ఉంటుందనుకున్నాను, ఉంది. పక్కన 'జవాన్'కు షారుక్ ఖాన్ పేరు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. తీరిగ్గా వెనక్కి చూస్తే అనుకోవలసిందేమో. 66 నుంచి 71 వరకు ఆరుసార్లలో నాలుగుసార్లు ఉత్తమ నటుడి అవార్డును ఇద్దరికి పంచారు, ఆ వచ్చిన పది పేర్లలో ఆరు హిందీ చిత్రాలవి. గదిలో వాదన తెగనప్పుడు రెండు పేర్లు రాస్తారు, ఆ రెండో పేరు ఎటునుంచి వస్తుందో సౌండు తీసి చూసినా తెలియదు. గడియారం సెంటర్‌లో వచ్చేసారి ఎవరైనా నన్ను పందేనికి పిలిస్తే ముందుగా ఒక షరతు పెడతాను: నాకు రెండు పేర్లు చెప్పే వీలుండాలి.