ప్రళయానికీ ఓ లెక్కుంది

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల 2012 జులై 4న హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మకణం దొరికిందని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా హర్షించింది. ఆ సంబరంలో మరుగున పడ్డ సంగతి ఒకటుంది. ఆ కణం ద్రవ్యరాశి సుమారు 125 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల ద్రవ్యరాశినీ, శక్తినీ కొలిచే ప్రమాణం ఇది). దానినీ, తెలిసిన మూలకణాలన్నింట్లోకీ బరువైన టాప్ క్వార్క్ ద్రవ్యరాశినీ ప్రస్తుత కణభౌతిక సిద్ధాంతంలో పెట్టి లెక్కగడితే, విశ్వం పూర్తిగా స్థిరమైన స్థితిలో లేదని తేలుతోంది.

కొండవాలు మీద ఓ గుంటలో ఆగిన బండరాయిలా ఉంది మన పరిస్థితి. కింద ఇంకా లోతైన లోయ ఉంది. ఖాళీ అనుకునే చోటును కూడా, హిగ్స్ బోసాన్ కణానికి మూలమైన హిగ్స్ క్షేత్రం ఆవరించి ఉంటుంది. ఎలక్ట్రాన్లకూ క్వార్కులకూ ద్రవ్యరాశి దాని చలవే. ఆ క్షేత్రం ఎక్కడో ఒకచోట గుంట గట్టు దాటనక్కర్లేకుండానే, క్వాంటమ్ నియమాల ప్రకారం గట్టులోంచే అవతలికి జారిపోవచ్చు. అప్పుడు అణువుకన్నా ఎన్నో రెట్లు చిన్న బుడగ ఒకటి పుడుతుంది. దాని అంచు దాదాపు కాంతివేగంతో విస్తరిస్తుంది. లోపల కణాల ద్రవ్యరాశులు మారిపోతాయి, అణువులు నిలవవు, రసాయన చర్యలన్నవే ఉండవు. కాంతికి దాదాపు సమానంగా వస్తుంది కనుక ముందస్తు హెచ్చరికకు ఆస్కారమే లేదు. బుడగలోపలి అంతరిక్షం కూడా తనలోకి తానే కుప్పకూలుతుందని భౌతికశాస్త్రవేత్తలు సిడ్నీ కోల్‌మన్, ఫ్రాంక్ డి లూచియా 1980లోనే లెక్కగట్టారు. అవతల మరో రకం జీవం పుడుతుందన్న ఊరటను కూడా ఆ లెక్క మిగల్చలేదు.

ఇంతవరకు చదివి ఆపేస్తే భయమే మిగులుతుంది. మనదాకా వచ్చే కథనాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతున్నాయి. అసలు చెప్పాల్సింది దీని తర్వాతే ఉంది. ఆ బుడగ పుట్టడానికి పట్టే కాలం, ఇప్పటి కొలతల ప్రకారం, 1 పక్కన వందకు పైగా సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు. కొలతల్లోని అనిశ్చితినంతా మనకు ప్రతికూలంగా తీసుకున్నా 50 సున్నాలకు తగ్గదు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, అంటే పదకొండు అంకెల సంఖ్య. ఈ అంతరాన్ని చెప్పకుండా ప్రళయాన్ని మాత్రమే చెప్పడం పాఠకులకు అన్యాయం చేయడమేనని మేం నమ్ముతున్నాం.

2008 సెప్టెంబర్ 10న సెర్న్‌లో కణాలను ఢీకొట్టించే యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ మొదలైనప్పుడు, ఆ తాకిడులతో ఆ రోజే లోకం అంతమవుతుందని టీవీలు హోరెత్తించాయి. దానికి జవాబు అప్పటికి పాతికేళ్ల క్రితమే సిద్ధంగా ఉంది. కొలైడర్లలో జరిగే తాకిడులకన్నా తీవ్రమైనవి అంతరిక్షంలో కాస్మిక్ కిరణాల (అక్కడ దూసుకుపోయే అధికశక్తి కణాల) వల్ల నిత్యం జరుగుతున్నాయని, శూన్యం వాటికే చెదరలేదని శాస్త్రవేత్తలు పీట్ హట్, మార్టిన్ రీస్ 1983లో చూపించారు. 1991లో అమెరికాలోని యూటా ఆకాశంలో నమోదైన ఒక్క కణమే, ఢీకొనే శక్తిలో ఈ యంత్రాన్ని సుమారు 50 రెట్లు మించింది. అలాంటివి భూమి వాతావరణాన్ని కోట్ల ఏళ్లుగా తాకుతూనే ఉన్నాయి. ఈ వాదనను సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కేటాయించకపోవడం వార్తలిచ్చే మా అందరి బాధ్యతారాహిత్యం.

అసలు ప్రశ్న ఇంకా తేలలేదు. విశ్వం నిజంగా అస్థిరమా అన్నది టాప్ క్వార్క్ ద్రవ్యరాశి మీద వేలాడుతోంది. ఆ కొలైడర్‌లో ప్రయోగాలు చేసే అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి ఇచ్చిన విలువ 172.52 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, అటూ ఇటూ 0.33 తేడాతో. అది 171 దగ్గర ఉంటే గుంట కింద లోయే లేదన్నట్టు. పైగా ప్రోటాన్ల తాకిడుల్లో కొలిచిన ఈ విలువ సిద్ధాంతంలోని ద్రవ్యరాశికి ఎంత కచ్చితంగా సరిపోతుందన్న వాదం నడుస్తూనే ఉంది. మనకు తెలియని కణాలు ఏవైనా ఉంటే మొత్తం లెక్కే మారిపోవచ్చు. విశ్వం భవితవ్యం ఒకటిన్నర గిగా ఎలక్ట్రాన్ వోల్టుల తేడాలో దాగి ఉందంటే, ఆ కొలతకు మించిన పని విజ్ఞానశాస్త్రానికి ఎన్ని ఉంటాయి?

అందుకే సెర్న్ ప్రతిపాదించిన 91 కిలోమీటర్ల కొత్త కొలైడర్ వలయాన్ని మేం సమర్థిస్తున్నాం. ఎలక్ట్రాన్లనూ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లనూ సుమారు 350 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఢీకొట్టిస్తే, టాప్ క్వార్క్ కొలతలోని అనిశ్చితి పదోవంతుకు తగ్గుతుంది. అంచనా వ్యయం సుమారు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంక్‌లు. అంత డబ్బు దీనికెందుకని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే, దానికి సభ్యదేశాలు బహిరంగంగా జవాబు చెప్పాలి. నిర్ణయం 2028 ప్రాంతంలో రావాల్సి ఉంది. ఖర్చు తగ్గించాల్సి వచ్చి ప్రణాళికను కుదించినా, టాప్ క్వార్క్‌ను కొలిచే దశను మాత్రం జాబితాలోంచి తీసేయకూడదు.